ఎన్‌డీఏకి సర్టిఫికెట్ల ఫైలు కావాలా? ఇంటర్ చదివే అబ్బాయి తండ్రికి నా జవాబు

ఎన్‌డీఏ, అంటే ఇంటర్ తర్వాత త్రివిధ దళాల్లో ఆఫీసరు కావడానికి చేరే నేషనల్ డిఫెన్స్ అకాడమీ గురించి పాలకొల్లు దగ్గర్నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "మావాడు ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం, కాలేజీ హాస్టల్లో ఉంటాడు. పదిలో 561 వచ్చాయి. ఎన్‌డీఏకి వెళ్తానంటున్నాడు. సైనిక్ స్కూల్లో చదవలేదు, ఎన్‌సీసీ లేదు, ఆటల్లో ఒక్క సర్టిఫికెట్టూ లేదు. ఇలాంటివాడికి అసలు ఛాన్స్ ఉంటుందా? ఇప్పట్నుంచి ఏమేం సంపాదిస్తే ఫైలు గట్టిగా ఉంటుంది?"

ఛాన్స్ ఉందండి. ఫైలు సంగతి మాత్రం మర్చిపోండి. ఎన్‌డీఏ ఎంపికలో సర్టిఫికెట్లకు విడిగా ఒక్క మార్కు కూడా లేదు. యూపీఎస్సీ రాతపరీక్షకు 900, ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకి 900. ఈ 1800లో వచ్చినదాన్ని బట్టే మెరిట్ లిస్టు వేస్తారు. మెడికల్‌లో ఫిట్ అనిపించుకోవాలి, అంతే. అమెరికాలో వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీకి వెళ్లాలంటే వాళ్ల కాంగ్రెస్ సభ్యుడిలాంటివారి నామినేషన్ కావాలి. మనకు ఆ పద్ధతి లేదు కాబట్టి ఎమ్మెల్యేగారి లెటరుకీ, తెలిసిన కల్నల్‌గారి ఫోనుకీ ఇక్కడ పనిలేదు.

నేను ఆర్మీలో ఇరవై రెండేళ్లు చేసి రిటైరయ్యాను, విశాఖలో ఉంటాను. సాయంత్రాలు మా డాబా మీద నలుగురైదుగురు పిల్లలను కూర్చోబెట్టి ఎస్‌ఎస్‌బీకి ప్రాక్టీస్ చేయిస్తాను. ఫీజు లేదు, టీ మాత్రం మా ఆవిడ ఇస్తుంది. సెలక్షన్ బోర్డులో నేనెప్పుడూ పనిచేయలేదు. అభ్యర్థిగా రెండుసార్లు వెళ్లి తెలుసుకున్నదీ, ఈ పిల్లల దగ్గర చూసిందీ మాత్రమే రాస్తున్నాను.

మన పిల్లలు చాలామంది ఎక్కడ ఆగిపోతున్నారో ముందు చెప్తాను. లెక్కల్లో కాదు. ఇంగ్లీషులో అని తల్లిదండ్రులు అనుకుంటారు గానీ ప్రధానంగా అక్కడా కాదు. ఇంటర్ రెండేళ్లూ పొద్దున్న అయిదింటికి లేపి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్స్‌లో కూర్చోబెడితే, పదిహేడేళ్లు వచ్చినా వాడు సొంతంగా ఒక నిర్ణయం తీసుకుని ఉండడు. ఎస్‌ఎస్‌బీలో అయిదు రోజులూ రకరకాలుగా అడిగేది దాన్నే.

ముందు రాతపరీక్ష. ఏడాదికి రెండుసార్లు, మామూలుగా ఏప్రిల్‌లో ఒకటి, సెప్టెంబరులో ఒకటి. లెక్కలు 300 మార్కులకు 120 ప్రశ్నలు, రెండున్నర గంటలు. జనరల్ ఎబిలిటీ 600 మార్కులకు 150 ప్రశ్నలు, అదీ రెండున్నర గంటలే. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది, తెలుగులో ఉండదు. ఎంపీసీ పిల్లవాడికి లెక్కల సిలబస్ చాలావరకు చదువుతున్నదే. ఇబ్బంది రెండో పేపరుతో. అందులో 200 మార్కులు ఇంగ్లీషుకి, మిగతా 400లో ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, వర్తమాన వ్యవహారాలు. పదో తరగతి అయిపోగానే సోషల్ పుస్తకాలను పాత పేపర్ల అబ్బాయికి తూకానికి వేసేస్తాం కదా, అవే మళ్లీ కావాలి. ఎనిమిది, తొమ్మిది, పది సోషల్ పుస్తకాలు ఎవరి దగ్గరైనా దొరికితే తెప్పించి ఉంచండి.

గత కొన్నేళ్లుగా రాతపరీక్ష కటాఫ్ 900కి ఇంచుమించు 290 నుంచి 360 మధ్య తిరుగుతోంది. దాన్ని చూసి పిల్లలు "మూడో వంతు వస్తే చాలు సార్" అంటారు. అక్కడే పొరపాటు. ఆ మార్కులు ఎస్‌ఎస్‌బీ గేటు దాకా తీసుకెళ్లి ఆగిపోవు, చివర్లో ఎస్‌ఎస్‌బీ మార్కులతో కలుస్తాయి. దేశం మొత్తానికి ఒక విడతలో ఉండేవి దాదాపు 400 సీట్లు. ఎస్‌ఎస్‌బీలో రికమెండ్ అయి, మెడికల్ పాసై, మెరిట్ లిస్టులో పేరు లేక ఇంటికొచ్చినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కటాఫ్ మీద కనీసం ఓ 80, 100 మార్కులు ఎక్కువ తెచ్చుకోమని నేను పట్టుబడతాను.

ఇప్పుడు ఎస్‌ఎస్‌బీ. మొదటి రోజు స్క్రీనింగ్. వెర్బల్, నాన్‌వెర్బల్ రీజనింగ్ పేపర్లు, తర్వాత ఒక మసక బొమ్మ 30 సెకన్లు చూపించి నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు. ఆపైన ఒక్కొక్కరు నిమిషంలో తమ కథ చెప్పాలి, తర్వాత అందరూ కలిసి ఒక కథ తేల్చాలి. సగానికి పైగా పిల్లలు అదే రోజు సాయంత్రం బ్యాగు సర్దుకోవడం మామూలే. మిగిలినవాళ్లకు చెస్ట్ నంబర్లు ఇస్తారు. సైకాలజీ పరీక్షల్లో పన్నెండు కథలు రాయాలి, చివరిదానికి బొమ్మే ఉండదు, ఖాళీ స్లైడ్. 15 సెకన్లకొకటి చొప్పున 60 మాటలు చూపిస్తారు, ఒక్కోదానికి ఒక వాక్యం. 30 నిమిషాల్లో 60 సందర్భాలు ఇచ్చి నువ్వయితే ఏం చేస్తావంటారు. రెండు రోజులు మైదానంలో గ్రూప్ టాస్కులు. మధ్యలో ఇంటర్వ్యూ. అయిదో రోజు కాన్ఫరెన్స్.

సైకాలజిస్టు మిమ్మల్ని చూడడు, మీరు రాసిందే చూస్తాడు. మైదానంలో గ్రూప్ టాస్కులు నడిపే అధికారి (జీటీఓ) మీరు చేసేది చూస్తాడు. ఇంటర్వ్యూ చేసే అధికారి మీరు చెప్పేది వింటాడు. ఈ ముగ్గురూ ఎవరికి వారు విడిగా అంచనా వేసుకుని కాన్ఫరెన్స్‌లో కలుస్తారు. ఎస్‌ఎస్‌బీ చుట్టూ తిరిగే ప్రతివాడి నోటా "మనసా, వాచా, కర్మణా" అన్న మాట వినబడేది ఇందుకే. మన పెద్దలు త్రికరణశుద్ధి అన్నది ఇదే. కాగితం మీద సాహసవంతుడు, ఇంటర్వ్యూలో వినయశీలుడు, మైదానంలో పక్కవాడి చేతిలో తాడు లాక్కునేవాడు అయితే ముగ్గురి లెక్కలూ కలవవు.

అందుకే బట్టీ కొట్టిన కథలంటే నాకు భయం. ఓసారి మా డాబా మీద ఒక బొమ్మ చూపించాను. మెట్ల మీద ఒక కుర్రాడు తల దించుకుని కూర్చున్నాడు, వెనకాల ఎవరో నిలబడ్డారు. ఒకే కోచింగ్ సెంటర్ నుంచి వచ్చిన ముగ్గురు ముగ్గురూ ఊళ్లో మెడికల్ క్యాంపు పెట్టించిన కథ రాశారు. ఇద్దరి హీరో పేరు కూడా ఒకటే! బొమ్మలో మెట్లున్నాయన్న సంగతి కూడా ఎవరూ పట్టించుకోలేదు. కోచింగ్ వద్దని అనను. పరీక్షలు ఎలా జరుగుతాయో తెలియడానికి, మొదటిసారి వెళ్లేవాడికి బెరుకు పోవడానికి వారం రోజులు పనికొస్తుంది. అంతకు మించి డబ్బు పోయడం నాకిష్టం లేదు.

రొయ్యల చెరువుల అబ్బాయి సంగతి చెప్తాను. మీ పక్కవాడే, భీమవరం వైపు. ఇంటర్వ్యూ ప్రాక్టీసులో "బాధ్యత తీసుకున్న సందర్భం ఒకటి చెప్పు" అన్నాను. ఏడో తరగతిలో క్లాస్ లీడర్ని అన్నాడు. ఇంకా? "ఫేర్‌వెల్ పార్టీకి యాంకరింగ్ చేశాను సార్." ఇంకా? ఇంకేం లేదన్నాడు. తర్వాత టీ తాగుతూ ఏదో మాటల్లో వాడే అన్నాడు, నాన్నకు ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రి ఒంటిగంటన్నరకి కరెంటు పోయిందట. ఏరియేటర్లు ఆగిపోయాయి. జనరేటర్ స్టార్ట్ చేస్తే దగ్గి ఆగిపోతోంది, డీజిల్ లైన్లో గాలి చేరింది. చెరువు గట్టున టార్చి వేసి చూస్తే రొయ్యలు అంచుల దగ్గర పైకి తేలుతున్నాయి. వీడు ముందు కాపలా మనిషిని ఆక్సిజన్ టాబ్లెట్లు చల్లమని చెప్పి, బైకు మీద రెండు కిలోమీటర్లు వెళ్లి పక్క చెరువాయన్ని లేపి, ఆయన జనరేటర్‌ని ట్రాక్టరుకి తగిలించి తెచ్చాడు. నాన్నకి మాత్రం తెల్లవారాకే ఫోన్ చేశాడట. ఎందుకురా అంటే, "రాత్రి చెప్తే ఆయన కుట్లతో లేచి వచ్చేస్తాడు సార్" అన్నాడు.

నేను గ్లాసు కింద పెట్టేశాను. ముందు ఏది చేయాలి, తర్వాత ఏది, ఎవరికి ఏ పని అప్పగించాలి, ఎవరికి ఏది ఎప్పుడు చెప్పాలి, బోర్డు వెతికేవన్నీ ఆ ఒక్క రాత్రిలో ఉన్నాయి. కానీ వాడి దృష్టిలో అది ఇంటిపని, యాంకరింగ్ అచీవ్‌మెంటు. గట్టి అభ్యర్థికీ, మామూలు అభ్యర్థికీ తేడా చాలాసార్లు ఇంతే: తన జీవితంలో ఏది విలువైందో తనకు తెలియడం. ఎస్‌ఎస్‌బీలో మొదట్లోనే పీఐక్యూ అనే ఫారం నింపిస్తారు. ఇల్లు, చదువు, ఆటలు, హాబీలు, బాధ్యతలు అన్నీ అందులో రాయాలి. ఇంటర్వ్యూ అంతా దాన్ని పట్టుకునే సాగుతుంది.

ఆ అబ్బాయి మొదటిసారి స్క్రీనింగ్‌లోనే వెనక్కి వచ్చాడు. రెండోసారి రికమెండ్ అయ్యాడు, మెడికల్ కూడా పాసయ్యాడు, మెరిట్ లిస్టులో పేరు లేదు. రాతపరీక్షలో కటాఫ్ మీద ఏడో ఎనిమిదో మార్కులు, పైన చెప్పింది ఇదే. ఆపైన ఎన్‌డీఏ వయసు దాటింది. డిగ్రీ చేసి, డిగ్రీవాళ్లకు యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ పరీక్ష రాసి, చెన్నైలోని ఆఫీసర్ల ట్రైనింగ్ అకాడమీలో (ఓటీఏ) ట్రైనింగ్ చేసి ఇప్పుడు లెఫ్టినెంట్.

నా సొంత కథ ఇంత గొప్పగా లేదు. మాది బొబ్బిలి దగ్గర పల్లె, నాన్న చెరకు వేసేవారు. మొదటిసారి బెంగళూరు బోర్డుకి వెళ్లేముందు ప్రపంచ దేశాల రాజధానులన్నీ కంఠతా పట్టాను. ఇంటర్వ్యూలో అధికారి నా పీఐక్యూ చూసి, మీ నాన్నగారికి ఎన్నెకరాలు, ఎకరానికి ఎన్ని టన్నులు దిగుతుంది, మిల్లువాళ్లు టన్నుకి ఎంతిస్తున్నారు అని అడిగారు. ఒక్కదానికీ సరైన జవాబు లేదు. ఆ అన్నం తిని పెరిగినవాణ్ణి. కాన్ఫరెన్స్ దాకా ఉండి వెనక్కి వచ్చేశాను. ఎందుకు తీసుకోలేదో బోర్డు ఎవరికీ చెప్పదు, కానీ తిరుగు రైల్లో నాకు ఆ చెరకు ప్రశ్నలే గుర్తొచ్చాయి. రెండోసారి వెళ్లేముందు సెలవులన్నీ పొలంలోనే ఉన్నాను.

మైదానం గురించి ఒక్క మాట. అక్కడ ఫట్టా అంటే చెక్కపలక, బల్లీ అంటే దుంగ, ఒక తాడు, ఒక బరువు. వీటితో నేలకు కాళ్లు తగలకుండా గుంపు మొత్తం అవతలికి దాటాలి. గట్టిగా అరిచేవాడు నాయకుడనుకుంటారు పిల్లలు. మా డాబా మీద రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక నిచ్చెనతో ఇలాంటిదే చేయిస్తుంటాను. అందరూ ఐడియాలు చెప్తూంటారు, నిచ్చెన కొస పట్టుకునేవాడు ఉండడు. కొస పట్టుకుని, "ముందు నువ్వు దాటు, బరువు నేను అందిస్తాను" అన్న పిల్లవాడి వైపు గుంపు దానంతటదే తిరుగుతుంది. చూస్తే తెలిసిపోతుంది.

ఇంగ్లీషు సంగతి. యాస ఎవరికీ పట్టదు. తప్పులు దొర్లినా పర్వాలేదు, ఆగిపోకుండా తన మాట చెప్పగలిగితే చాలు. అయితే గ్రూప్ డిస్కషన్‌లో ఎనిమిదిమంది ఒకేసారి మాట్లాడుతుంటే మనసులో తెలుగులోంచి అనువాదం చేసుకునేంత తీరిక ఉండదు. రోజుకి పది నిమిషాలు ఇంగ్లీషు పేపరు పైకి చదివి, చదివింది సొంత మాటల్లో ఎవరికైనా చెప్పడం ఏడాదిపాటు చేస్తే నోరు తిరుగుతుంది. హాస్టల్లో ఒక ఫ్రెండుని చూసుకోమనండి.

మెడికల్ గురించి ఇప్పుడే చూసుకోండి, రికమెండ్ అయ్యాక కాదు. అన్నిటికంటే ముందు కళ్లు. చుక్కల మధ్య అంకె కనిపెట్టే రంగుల పరీక్ష ఏ కంటి డాక్టరు దగ్గరైనా నిమిషాల్లో అయిపోతుంది. రంగులు గుర్తించే లోపం పుట్టుకతో ఉంటే దానికి మందు లేదు. రెండేళ్లు కష్టపడ్డాక తెలియడం కంటే ఈ వారమే తెలిస్తే మంచిది. ఆర్మీకి ఒక పరిమితి వరకు కళ్లజోడు పర్వాలేదు. ఎన్‌డీఏ ద్వారా పైలట్ కావాలంటే మాత్రం మైనస్ పవర్ ఉండకూడదు. లేజర్ ఆపరేషన్ చేయించేద్దాం అని ఎవరైనా అంటే ఆగండి, ఈ వయసులో అది చేయించుకుంటే ఉన్న అవకాశం కూడా పోతుంది. ఇక చదునుపాదాలు, మోకాళ్లు ఒకదానికొకటి తగలడం, చెవిలో గుబిలి, ముక్కులో దూలం వంకర, బరువు చూసుకోండి. గుబిలీ బరువూ లాంటివి ముందే సరిచేసుకోవచ్చు. మెడికల్‌లో అన్‌ఫిట్ అన్నా అప్పీలు ఉంటుంది, అక్కడితో అయిపోయినట్టు కాదు. పచ్చబొట్టు సంగతి కూడా చెప్పి ఉంచండి. ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనకవైపు తప్ప వేరేచోట శాశ్వతమైన పచ్చబొట్టు ఉంటే కష్టం. గిరిజనులకు వాళ్ల ఆచారాన్ని బట్టి మినహాయింపు ఉంది.

ఒంటి తయారీకి యూపీఎస్సీ నోటిఫికేషన్‌లోనే సలహా ఇస్తారు: 15 నిమిషాల్లో రెండు నుంచి నాలుగు కిలోమీటర్ల పరుగు, పుషప్స్, సిటప్స్ కనీసం 20 చొప్పున, చినప్స్ 8, మూడు నాలుగు మీటర్ల తాడు ఎక్కడం. హాస్టల్లో గ్రౌండు ఉండదని తెలుసు. పొద్దున్న అరగంట బయటికి పంపమని ప్రిన్సిపాల్‌గారిని మీరే అడగండి. ఒకరిద్దరు తండ్రులు అడిగి సాధించడం నేను చూశాను.

పైలట్ ఆశ ఉంటే ఇంకోటి. ఎయిర్‌ఫోర్స్ బోర్డులో కంప్యూటర్ మీద పైలట్ సెలక్షన్ పరీక్ష ఉంటుంది. అది జీవితంలో ఒక్కసారే, తప్పితే మళ్లీ పైలట్‌గా అవకాశం లేదు. నిద్ర లేకుండా రైలు దిగి నేరుగా వెళ్లి రాసే పరీక్ష కాదది.

మీవాడు ఇప్పుడు మొదటి సంవత్సరంలో ఉన్నాడు కాబట్టి అప్లై చేయలేడు. రెండో సంవత్సరంలోకి వచ్చాక చేయొచ్చు. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య ఉండాలి, ఎప్పటి లెక్కన అన్నది ప్రతి నోటిఫికేషన్‌లోనూ పుట్టినతేదీలతో సహా ఇస్తారు. పదో తరగతి మెమోలో ఉన్న తేదీయే ప్రమాణం. మన వైపు బళ్లో వేసేటప్పుడు మేష్టారు ఏదో ఒక జూన్ నెల తేదీ వేసేయడం మామూలే కదా, అలా వేసింది ఆరు నెలలు ఎక్కువైనా ఒక అటెంప్టు పోయినట్టే. మెమోలో, ఆధార్‌లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో కూడా చూడండి. ఒకదాన్లో ఇనీషియల్, ఇంకోదాన్లో పూర్తి పేరు ఉంటే అక్కడికెళ్లాక టెన్షన్. ఆ దిద్దుబాటుకి సచివాలయానికి మీరు వెళ్లకండి, వాణ్ణి పంపండి. లైన్లో నిలబడి, రేపు రమ్మంటే మళ్లీ వెళ్లి, పని చేయించుకుని రావడం కూడా వాడి తయారీలో భాగమే. ఎస్‌ఎస్‌బీకి కూడా ఒంటరిగా పంపండి. ఒక ఎంట్రీకి మొదటిసారి వెళ్లినప్పుడు థర్డ్ ఏసీ ఛార్జీ తిరిగి ఇస్తారు. టికెట్ జాగ్రత్త చేయమని చెప్పండి.

జేఈఈ మెయిన్ ఎలాగూ రాయిస్తారు కాబట్టి ఇంకో దారి కూడా తెరిచి ఉంచండి. దాని ఆధారంగా ఆర్మీలో టెక్నికల్ ఎంట్రీ ఉంది, ఇంటర్ ఎంపీసీ సబ్జెక్టుల్లో 60 శాతం ఉండాలి. నేవీలో బీటెక్ ఎంట్రీకి 70 శాతం. వీటికి యూపీఎస్సీ రాతపరీక్ష లేదు, నేరుగా ఎస్‌ఎస్‌బీయే.

మీ ప్రశ్న కింద ఒకావిడ "మా అమ్మాయికి కుదురుతుందా?" అని రాశారు. కుదురుతుందమ్మా. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో దారి తెరుచుకుంది, 2022లో 19 మంది అమ్మాయిలు ఖడక్‌వాస్లాలోని ఎన్‌డీఏలో చేరారు, 2025 మే నెలలో 17 మంది పాసవుట్ అయ్యారు. సీట్లు మాత్రం అబ్బాయిలకంటే బాగా తక్కువ. కాబట్టి రాతపరీక్ష మార్కుల గురించి పైన చెప్పింది ఆ అమ్మాయికి ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

సైనిక్ స్కూలు గురించి కూడా అడిగారు. కోరుకొండ, కలికిరి పిల్లలకు పరుగు, పరేడు, పదిమందిలో బతకడం అలవాటై ఉంటుంది, ఆ మేరకు వాళ్లు ముందుంటారు. కానీ వాళ్లు రాసేదీ అదే పేపరు, కూర్చునేదీ అదే బోర్డు ముందు.

సంక్రాంతి సెలవులకు వాడు ఇంటికొచ్చినప్పుడు ఇంటి కరెంటు బిల్లు, గ్యాసు, వ్యవసాయం ఉంటే కూలీల లెక్క, అన్నీ వాడికే అప్పజెప్పి మీరు పక్కకి తప్పుకోండి. తప్పులు చేస్తాడు, చేయనివ్వండి. ఈలోగా మెమోలో ఉన్న పుట్టినతేదీ ఇక్కడ రాస్తే, ఎన్ని అటెంప్టులు మిగిలి ఉన్నాయో లెక్కేసి చెప్తాను.